హెచ్‌పీవీకి మరో వైరస్ తోడైతే

కొన్ని ఇన్ఫెక్షన్ల యాంటీబాడీలను వెతికే టార్చ్ ప్యానెల్ రక్తపరీక్ష రిపోర్టులో హెర్పిస్ ఐజీజీ (పాత ఇన్ఫెక్షన్‌కు గుర్తుగా మిగిలే యాంటీబాడీ) పాజిటివ్ అని కనిపించగానే "దీనివల్ల గర్భసంచి క్యాన్సర్ వస్తుందట కదా?" అని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1970లలో శాస్త్రవేత్తలే దాన్ని గట్టిగా నమ్మారు. జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ గర్భసంచి ముఖద్వార (సర్విక్స్) క్యాన్సర్ కణితుల్లో హెర్పిస్ డీఎన్‌ఏ కోసం వెతికితే దొరకలేదు. దాంతో ఆయన పులిపిరులు పుట్టించే వైరస్ జాతి, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) మీద చూపు పెట్టారు. 1983లో హెచ్‌పీవీ 16, మరుసటి ఏడాది హెచ్‌పీవీ 18 కణితుల్లో పట్టుబడ్డాయి. ఆ పనికే 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అప్పటినుంచి అసలు దోషి ఎవరన్నది తేలిపోయింది. ప్రపంచంలోని ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ రెండు రకాల వల్లే వస్తున్నాయి. తేలాల్సింది ఇంకొకటి ఉంది. హెచ్‌పీవీ సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది. పోకుండా ఉండిపోయిన ఆ కొద్దిమందిలో ఏం జరుగుతోంది? రెండో వైరస్ ప్రస్తావన వచ్చేది ఇక్కడే.

ముందు హెచ్‌పీవీ పని చేసే తీరు చూద్దాం. ముఖద్వారం మీది పొరలో కంటికి కనబడని గీతలు పడితే, వాటి గుండా అది అట్టడుగు కణాల్లోకి దిగుతుంది. రక్తంలోకి రాదు, కణాన్ని పగలగొట్టదు. అందుకే రోగనిరోధక వ్యవస్థకు చాలాకాలం దాని అలికిడే తెలియదు. దాని దగ్గర ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లు ఉంటాయి. పాడైన కణాన్ని ఆపే మన పీ53 ప్రొటీన్‌ను ఈ6 నాశనం చేయిస్తుంది. కణ విభజనకు కళ్లెంలా ఉండే ఆర్‌బీ ప్రొటీన్‌ను ఈ7 పనికిరాకుండా చేస్తుంది. మామూలుగా ఈ రెంటినీ వైరస్‌లోనే ఉండే ఈ2 అదుపులో ఉంచుతుంది. వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోముల్లో అతుక్కునేటప్పుడు ఈ2 తెగిపోతే ఆ అదుపు కూడా పోతుంది. ఇదంతా జరిగి క్యాన్సర్‌గా మారడానికి మామూలు రోగనిరోధక శక్తి ఉన్న స్త్రీలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. పక్కన ఉన్న వైరస్ ఏదైనా సరే, ఈ వ్యవధిని కుదిస్తుందా లేదా అన్నదే చూసుకోవాలి.

అలా కుదిస్తుందని ఖాయంగా చెప్పగలిగింది హెచ్‌ఐవీ. చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ ఉంటే ఆ 15-20 ఏళ్లు 5-10 ఏళ్లకు దిగుతాయి. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి ముఖద్వార క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతావారి కంటే ఆరు రెట్లు ఎక్కువ. అలాగని హెచ్‌ఐవీ ముఖద్వార కణాల్లోకి దూరి వాటిని క్యాన్సర్ కణాలుగా మార్చదు. హెచ్‌పీవీని తరిమేది టీ కణాలు. వాటిలో హెచ్‌ఐవీ దెబ్బతీసే రకమైన సీడీ4 కణాలు తగ్గేకొద్దీ ఆ కాపలా పలచబడుతుంది. పోవాల్సిన హెచ్‌పీవీ తిష్ఠ వేస్తుంది, నిద్రపోతున్నది మళ్లీ లేస్తుంది, ఒకేసారి రెండు మూడు రకాలు కనిపిస్తాయి. ఇది రెండువైపులా నడిచే దారి కూడా. హెచ్‌పీవీ ఉన్నచోటికి చేరే రోగనిరోధక కణాలే హెచ్‌ఐవీకి కావలసిన కణాలు కాబట్టి, హెచ్‌పీవీ ఉన్న స్త్రీకి హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు రెట్టింపు.

ఈ జంట భారం ఎక్కువగా మోస్తున్నది సహారా దిగువ ఆఫ్రికా. హెచ్‌ఐవీ, ముఖద్వార క్యాన్సర్ రెండూ ఉన్న స్త్రీలలో 85 శాతం అక్కడివాళ్లే. అయినా ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ హెచ్‌ఐవీ జాతీయ సగటు కంటే ఎక్కువ. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు అందడం వల్ల ఆ స్త్రీలు నలభై, యాభై ఏళ్లు దాటి బతుకుతున్నారు. అంటే హెచ్‌పీవీ క్యాన్సర్‌గా మారే వయసుకు చేరుతున్నారు. మందులు త్వరగా మొదలుపెట్టి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అణిచి ఉంచితే ముప్పు బాగా తగ్గుతుంది గానీ సున్నా కాదు. ఒకప్పుడు సీడీ4 బాగా పడిపోయి ఉంటే, ఇవాళ సంఖ్య బాగున్నా ఆనాటి నష్టం లెక్కలో ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే: నెలనెలా మందులకు వచ్చే మనిషికి బరువు చూస్తారు, సీడీ4 చూస్తారు, వైరల్ లోడ్ చూస్తారు. ముఖద్వారం చూడడం మాత్రం తరచూ మిగిలిపోతుంది.

మరి హెర్పిస్? 2002లో వెలువడిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ విశ్లేషణలో, హెచ్‌పీవీ ఉన్న స్త్రీలలో జననాంగాల దగ్గర పుండ్లు తెచ్చే హెర్పిస్ రెండో రకం యాంటీబాడీలు కూడా ఉన్నవారికి ముప్పు సుమారు రెట్టింపు అని తేలింది. అదే ఏడాది నార్డిక్ దేశాల్లో, జబ్బు రాకముందే తీసి నిల్వ చేసిన రక్తంతో చేసిన అధ్యయనంలో ఆ సంబంధం కనబడలేదు. హెర్పిస్ పుండ్లు పొరను చీల్చి హెచ్‌పీవీకి దారి ఇవ్వవచ్చు, వాపు పెంచవచ్చు. అంతకుమించి రుజువు లేదు. పైగా టార్చ్ రిపోర్టులో చాలాసార్లు హెర్పిస్ ఒకటి, రెండు రకాలను కలిపే చూపిస్తారు. చిన్నప్పుడు మూతి దగ్గర పొక్కులు తెచ్చిన మొదటి రకానికి కూడా ఐజీజీ జీవితాంతం పాజిటివ్‌గా ఉంటుంది. క్యాన్సర్ భయంతో ఆ పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. ఆ డబ్బు హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకు పెట్టండి.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ ముఖద్వార కణితుల్లో దొరికిందని వచ్చే వార్తల్లో ఒక మెలిక ఉంటుంది. అది బి లింఫోసైట్లనే తెల్లరక్తకణాల్లో జీవితాంతం దాక్కునే వైరస్, పెద్దవాళ్లలో దాదాపు అందరికీ సోకి ఉంటుంది. కణితిలోకి లింఫోసైట్లు ఎలాగూ చేరతాయి. ముక్కను రుబ్బి పీసీఆర్ చేస్తే ఆ లింఫోసైట్లలోని వైరస్ కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది. వైరస్ క్యాన్సర్ కణంలోనే ఉందా అన్నది తేల్చాలంటే స్లైడు మీద వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణాన్ని చూపించే ఈబర్ పరీక్ష చేసి కణాన్ని కళ్లతో చూడాలి. ఆ తేడా రాయని వ్యాసాన్ని నేను లెక్కలోకి తీసుకోను. టార్చ్ ప్యానెల్‌లోనే ఉండే సైటోమెగలో వైరస్ మీద ఆధారాలు ఇంకా బలహీనం. ఒకే స్త్రీలో నాలుగు రకాల హెచ్‌పీవీ ఉంటే నాలుగింతల ముప్పు అనుకోవడమూ సరికాదు. సాధారణంగా ముఖద్వారం మీది ఒక్కో మచ్చను (క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పును) ఒక్కో రకమే నడిపిస్తుంది. ఆ నాలుగింటిలో 16 ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఇక పరీక్షల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మామూలుగా 30 ఏళ్లకు మొదలుపెట్టి 5-10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయాలి. హెచ్‌ఐవీ ఉంటే 25 ఏళ్లకే మొదలు, 3-5 ఏళ్లకోసారి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో హెచ్‌పీవీ పాజిటివ్‌లు ఎక్కువ వస్తాయి కాబట్టి, పాజిటివ్ రాగానే చికిత్సకు దిగకుండా మధ్యలో మరో పరీక్షతో వడపోయాలి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షకు పైగా స్త్రీలతో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 నాటికి దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు వందకు ఇద్దరు కూడా లేరు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేసేది వీఐఏ, అంటే ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూడడం. 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లాన్ని 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే 5 శాతం ద్రావణం వస్తుంది. కలపకుండా పూస్తే ఒళ్లు కాలిపోతుంది, కాబట్టి సీసా మీద లేబుల్ తప్పనిసరి. ముందు జిగురు తుడవాలి, దూదితో ద్రావణం అద్ది నిండుగా ఒక నిమిషం ఆగాలి. ముఖద్వారం లోపలి పొర, బయటి పొర కలిసే గీతకు ఆనుకుని, అంచు స్పష్టంగా ఉన్న దట్టమైన తెల్లమచ్చ వస్తే పాజిటివ్. నిమిషం ఆగకపోయినా, ద్రావణం పాతదైనా, వెలుతురు చాలకపోయినా మచ్చ తప్పిపోతుంది. ఇన్ఫెక్షన్‌తో ముఖద్వారం ఎర్రగా వాచి ఉంటే లేని మచ్చ ఉన్నట్టు కనిపిస్తుంది. ముట్లుడిగిన తర్వాత ఆ గీత లోపలికి జారిపోతుంది కాబట్టి వీఐఏ నెగెటివ్ అంటే నమ్మకం లేదు. హెచ్‌పీవీ పరీక్షకు ఈ చిక్కులు తక్కువ. శాంపిల్ స్త్రీ తానే తీసుకోవచ్చు, బ్రష్ ముఖద్వారం దాకా తగలాల్సిన పని కూడా లేదు. బహిష్టు రోజుల్లో మాత్రం వద్దు.

మన రెండు రాష్ట్రాల్లో మరో తప్పు జరుగుతోంది. తెల్లబట్ట అవుతోందని వెళితే "గర్భసంచికి పుండు ఉంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని చెప్పి ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేసేస్తున్నారు. దేశంలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనవి ముందుంటాయి. ఆ పుండు అనేది చాలాసార్లు లోపలి పొర కాస్త బయటికి రావడమే. అది జబ్బు కాదు. లోపల నిజంగానే క్యాన్సర్ ఉండి, ఎవరూ ముక్క పరీక్ష చేయకుండా మామూలుగా గర్భసంచి తీసేస్తే ఇంకా నష్టం. చికిత్స సగంలో ఆగినట్టే, తర్వాత రేడియేషన్‌కు పరుగెత్తాలి. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి గర్భసంచి తీసేసినా యోని గోడల మీద హెచ్‌పీవీ మచ్చలు రావచ్చు, అందుకే తర్వాతి పరీక్షలు ఆపకూడదు.

తీవ్రమైన ముందస్తు మచ్చ గానీ క్యాన్సర్ గానీ బయటపడితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించాలి. ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీ) అది ఉచితం. సమ్మతి, గోప్యత 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇచ్చిన హక్కులు. మచ్చ చిన్నదై, మొత్తం కంటికి కనిపిస్తూ, లోపలి కాలువలోకి పాకకపోతే 100 డిగ్రీల వేడితో మచ్చను కాల్చే థర్మల్ అబ్లేషన్ సరిపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మచ్చలు పెద్దవిగా ఉంటాయి కాబట్టి కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ వాడే లీప్ పద్ధతిలో కోసి తీయాల్సిన అవసరం తరచూ పడుతుంది. పుండు మానేదాకా, సుమారు నెలరోజులు, కలయిక వద్దు. ఆ సమయంలో అక్కడి స్రావాల్లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉండవచ్చు. మచ్చ తిరగబెట్టడం కూడా వీరిలోనే ఎక్కువ. ఏడాదికి మళ్లీ పరీక్ష, అది బాగుంటే ఇంకో ఏడాదికి మరొకటి.

హెచ్‌పీవీ టీకా విషయంలోనూ తేడా ఉంది. 9-14 ఏళ్ల ఆడపిల్లకు మామూలుగా ఒకటి లేదా రెండు డోసులు చాలు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లకు వీలైతే మూడు ఇవ్వాలి: మొదటిది, రెండు నెలలకు, ఆరు నెలలకు. పుణెలోని సీరం సంస్థ సర్వావాక్‌లో గానీ, గార్డాసిల్‌లో గానీ బతికున్న వైరస్ ఉండదు, అందువల్ల సీడీ4 తక్కువగా ఉన్నా భయం లేదు. ఇప్పటికే సోకిన హెచ్‌పీవీని మాత్రం ఏ టీకా తీసేయదు.

క్యాన్సర్ చికిత్సలోకి వెళ్లినవారు ఏఆర్‌టీ మందులు ఆపకూడదు. రేడియేషన్‌తో పాటు వారానికోసారి ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది. మన దగ్గర మొదటి వరస ఏఆర్‌టీ మాత్రలో ఉండే టెనోఫోవిర్ కూడా అంతే. అదే మాత్రలోని డోలుటెగ్రావిర్ కిడ్నీ దెబ్బతినకుండానే, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను కాస్త పెంచి చూపిస్తుంది. కాబట్టి మొదటి సిస్‌ప్లాటిన్‌కు ముందే క్రియాటినిన్ రాసిపెట్టుకుని, ప్రతి డోసుకు ముందు దానితో పోల్చుకోవాలి. జిడోవుడిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు వాడేవారికి రేడియేషన్‌తో రక్తం మరింత పడిపోతుంది గనుక వారం వారం హిమోగ్లోబిన్, తెల్లకణాలు చూడాలి. ఏ మందులు వాడుతున్నారో క్యాన్సర్ డాక్టరుకు తెలియకపోతే ఇవేవీ జరగవు. ఏఆర్‌టీ పుస్తకాన్ని క్యాన్సర్ ఫైలుతో పాటే తీసుకెళ్లండి.