అతని ఆనుకొని...

కూలిన యెరూషలేము గోడను నెహెమ్యా మళ్లీ కట్టించిన కథ బైబిల్లో ఉంది కదా, ఆ నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం మీద ఎప్పుడైనా ప్రసంగం విన్నారా? నాకైతే విన్న గుర్తు లేదు. రెండో అధ్యాయంలో ఆయన రాత్రిపూట వెళ్లి కూలిన గోడ చూసి రావడం చెబుతారు, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో నాలుగో అధ్యాయంలో ఆ పనిని ఎగతాళి చేసిన సన్బల్లటు దగ్గరికి వెళ్లిపోతారు. మధ్యలో ఉన్నది చాంతాడంత పేర్ల లిస్టు, అన్నీ నోరు తిరగని పేర్లు, ఎవరికి ఓపిక? నేనూ దాటేసినవాణ్ణే. మలావీలో మూడు వారాలు ఇటుకలు మోసి వచ్చాక మాత్రం బైబిలు తెరిస్తే చెయ్యి అక్కడికే పోతోంది.

మా సంఘం నుంచి తొమ్మిది మందిమి వెళ్లాం, రాజధాని లిలాంగ్వే దాటి మట్టిరోడ్డు మీద చాలాసేపు పోతే వచ్చే ఒక ఊరికి, చర్చి కట్టడానికి. ఆఫ్రికా కదా ఎండ మాడుస్తుందని పల్చటి చొక్కాలు సర్దుకున్నాం. జులై అక్కడ చలికాలం. తెల్లారేసరికి పళ్లు టకటకలాడుతుండగా ప్రార్థన, ఆ తర్వాత బోరింగు దగ్గర క్యూ, ఏడింటికల్లా పని. నవంబరులో వానలు మొదలయ్యేలోపు రేకులు పడాలి, అదీ తొందర. మధ్యాహ్నం న్సిమా, అంటే మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, పక్కన ఆకుకూరో చిన్న చేపలో. మన రాగిసంకటి తిన్నవాళ్లకు కొత్తేం కాదు. సాయంత్రానికి సిమెంటు తగిలిన వేళ్ల చివర్లు పగిలి, పాటల పుస్తకంలో పేజీ తిప్పాలన్నా మంట.

అసలు సంగతి ఏంటంటే, మేం దిగేసరికే ఇటుకల కుప్ప సిద్ధంగా ఉంది. సంఘస్థులే మట్టి తొక్కి, అచ్చులు వేసి, ఆరబెట్టి, బట్టీ పేర్చి కాల్చినవి. ఆడవాళ్లు తలమీద బకెట్లతో నీళ్లు మోస్తున్నారు. మేస్త్రీ ఆ ఊరాయనే. మరి మేం వెంట తీసుకెళ్లిన ఫ్లెక్సీ మీద ఏముందో తెలుసా? 'మందిర నిర్మాణం' అని పెద్దక్షరాలు, కింద మా తొమ్మిది మంది ఫొటోలు.

నేను ఆఫీసులో ఎక్సెల్ షీట్లు చేసుకునేవాణ్ణి. రెండో వారంలో ఒక గోడ ముక్క నాకే వదిలారు. దారం కట్టి, గుండు వేసి చూసుకుంటూ ఆరు వరసలు లేపాను, చివర ఎక్కడా ఇటుక బయటికి పొడుచుకు రాకుండా కత్తితో కోసినట్టు నున్నగా ముగించాను. భలే కుదిరిందని పక్కవాణ్ణి పిలిచి ఫొటో కూడా తీయించుకున్నాను. మేస్త్రీ వచ్చాడు. పెద్దాయన, మేమంతా బాంబో అని పిలిచేవాళ్లం, అక్కడ తండ్రీ అన్నట్టు. చూశాడు, ఏమీ అనలేదు. ఇంకా తడి ఆరని ఆ చివర్లో వరస విడిచి వరస సగం ఇటుకలు ఊడదీశాడు. నాకు ఒళ్లు మండింది. పాస్టరు గారు ఇంగ్లీషులో చెబితే అర్థమైంది: "నువ్విలా మూసేస్తే నీ తర్వాత వచ్చేవాడు ఎక్కడ కలుపుకోవాలి అంటున్నాడు."

నిజమే. చివర ఒక ఇటుక బయటికి, ఒకటి లోపలికి ఉండాలి. అప్పుడే రేపటివాడి ఇటుక ఆ సందులో కూర్చుంటుంది. నున్నగా ముగిస్తే రెండూ పక్కపక్కన నిలబడతాయి, గోడ మాత్రం ఒక్కటవదు, ఏదో ఒకరోజు సరిగ్గా అక్కడే బీట ఇస్తుంది.

ఆ రాత్రి మూడో అధ్యాయం తీశాను. 'అతని ఆనుకొని', 'వారిని ఆనుకొని'... వచనం తర్వాత వచనం ఇదే మాట. హెబ్రీలో ఆ మాటకు అక్షరాలా 'అతని చేతి దగ్గర' అని అర్థం. చేతి దగ్గర! పొద్దున్నుంచి మేం వరసలో నిలబడి చేతి నుంచి చేతికి ఇటుక అందించుకున్నది అదే కదా. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు గొర్రెల గుమ్మం దగ్గర మొదలుపెడితే, లిస్టు పట్టణమంతా చుట్టి వచ్చి మళ్లీ గొర్రెల గుమ్మం దగ్గరే ఆగుతుంది. చివరివాళ్లు కంసాలులూ వర్తకులూ. మధ్యలో పరిమళద్రవ్యాలు చేసేవాడున్నాడు, షల్లూము కుమార్తెలున్నారు. వీళ్లెవరూ మేస్త్రీలు కారు, నాలాంటివాళ్లే. ఆ గోడ 52 రోజుల్లో లేచింది. తెకోవ అనే ఊరి గొప్పవాళ్లు మాత్రం ప్రభువు పనికి మెడ వంచలేదని రాసుంది. ఆ మాట చదువుతుంటే మా ఫ్లెక్సీ గుర్తొచ్చి సిగ్గేసింది. తెకోవ మామూలు జనమేమో తమ భాగం అయ్యాక ఇంకో భాగం కూడా బాగుచేశారు.

మెదక్ చర్చి ఎవరు కట్టారంటే పాస్నెట్ దొరగారంటాం. ఇదే మలావీలో బ్లాంటైర్‌లోని సెయింట్ మైకేల్ చర్చి ఎవరు కట్టారంటే స్కాట్ గారంటారు. నిర్మాణశాస్త్రం చదవని ఆ పాస్టరు 1888 నుంచి 1891 దాకా స్థానికుల చేతులతో దాన్ని కట్టించాడు. వాళ్లిద్దరినీ తక్కువ చేయడం లేదు. కానీ కరువులో కూడు కోసం వచ్చి మెదక్‌లో రాళ్లు మోసినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఆ చర్చికి నెహెమ్యా లాంటివాడు ఉండుంటే వాళ్లవీ రాసేవాడు, పక్కన 'ఆనుకొని' అని కూడా.

బ్రదర్స్, సిస్టర్స్, కోపం తెచ్చుకోకండి. మిషన్ ట్రిప్ అంటూ టీషర్టులు కుట్టించుకుని, పదిరోజులు తిరిగి, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగి, వచ్చి సాక్ష్యం చెప్పేటప్పుడు 'మేం కట్టాం' అంటున్నాం. ఎవరిని ఆనుకొని కట్టామో చెబుతున్నామా? మనకు ముందు మట్టి తొక్కిన అమ్మ పేరు కనీసం అడిగామా? ఇక్కడ మన సంఘంలోనూ అంతే, సండే స్కూలు నాది, క్వయర్ నాది అని చివరలు నున్నగా మూసేసుకుని కూర్చుంటాం, కొత్తగా వచ్చినవాడు ఎక్కడ చెయ్యి కలపాలో తెలియక వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోతాడు. దయచేసి ఒక్క ఇటుకైనా బయటికి వదలండి.

మేం వచ్చేసే రోజుకి గోడలు కిటికీ మట్టానికి వచ్చాయి. ఫ్లెక్సీ ఏమైందంటారా? తడి గోడ మీద ఎండ పడకుండా బాంబో దాన్ని తిరగేసి కప్పాడు. మా మొహాలు ఇటుకల వైపుకి.