ఎండ మనది, పొడి వాళ్లదా?

"ఏందబ్బయా, ఎండా నీళ్లూ మన కాడ పెట్టుకొని నువ్వు పోయి ఆ చలిలో ఏం చేస్తుండావ్?"

కావలి దగ్గర రొయ్యల గుంటలు చేసే మా మేనమామ అన్న మాట ఇది. ఎండ, గాలి లాంటి వాటి కరెంటుతో నీళ్లను విడగొట్టి తీసే గ్రీన్ హైడ్రోజన్ గురించి పేపర్లో చదివి అడిగాడు. సెలవు అయిపోయి జర్మనీలో నేను పరిశోధన చేసే ల్యాబుకి వచ్చేశాను గానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

మామ అన్నదాంట్లో తప్పేం లేదు. 2030కల్లా ఏడాదికి 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తయారు చేయాలని 2023లో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. కానీ తయారు చేయడం సగం పనే, దాచడం మిగతా సగం. గ్యాస్‌గా దాచాలంటే కార్ల ట్యాంకుల్లో 700 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో కుక్కాలి. ద్రవంగా అయితే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి. మేం పట్టుకున్నది మూడో దారి, పొడిలో దాచడం.

లిథియం బోరోహైడ్రైడ్ తెల్లటి పొడి. కిలో పొడిలో 185 గ్రాములు హైడ్రోజనే. ఇది విని ఎవరైనా ఆశపడతారు, నేనూ ఆశపడే వచ్చాను. అది 275 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గ్యాస్ బాగా వదలాలంటే 400 దాటాలి. అప్పుడు కూడా నాలుగో వంతు హైడ్రోజన్ లిథియాన్నే అంటిపెట్టుకుని ఉండిపోతుంది. కరిగిన పొడి నురగ కడుతుంది. కొలత అయ్యాక చూస్తే, అడుగున వేసిన చిటికెడు పొడి గిన్నె గోడల మీదికి పాకి, బూడిదరంగు పెచ్చులా గట్టిపడి ఉంటుంది.

వదిలించడం కంటే తిరిగి ఎక్కించడం ఇంకా కష్టం. 600 డిగ్రీల వేడి, వందకు పైగా బార్ల హైడ్రోజన్ కావాలి. పన్నెండేసి బోరాన్ పరమాణువులు గూడు కట్టుకుని కూర్చుంటాయి, వాటిని కదిలించడం మహా కష్టం. మెగ్నీషియం హైడ్రైడ్ కలిపితే బోరాన్ మెగ్నీషియంతో జతకట్టి, తిరిగి ఎక్కించడం సులువవుతుందని 2005లో చూపించారు. అయినా వేడి తప్పదు, వేగమూ చాలదు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఒక రిజిస్టరు. ల్యాబ్ చూసుకునే పెద్దాయన చెడిపోయిన ప్రతి శాంపిల్‌నీ అందులో రాయిస్తాడు, గాలి తగిలి పాడైనవీ, సగం గ్యాస్ కూడా వదలనివీ. నేను చదివిన కాలేజీలో రీడింగ్ రాకపోతే రావలసిన రీడింగే రాయమనేవాళ్లు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. అలాగని ఈ నిజాయితీ తెల్లవాళ్ల సొత్తని ఒప్పుకోను. మా మామ దగ్గరా అలాంటి నోటుబుక్కే ఉంది. తెల్లమచ్చ రోగం వచ్చి గుంట మొత్తం పోయిన పంట కూడా, నీళ్ల ఉప్పదనం, వేసిన మేతతో సహా తేదీలవారీగా అందులో ఉంటుంది. అంత నిజాయితీ గుంట గట్టున ఉన్నప్పుడు కాలేజీ ల్యాబుకి ఎందుకు రాలేదన్నదే నా బాధ.

"మీ సముద్రపు గాలిలో ఈ పని కుదరదులే" అని తోటి పరిశోధకుడొకడు జాలిగా అన్నాడు. ఒళ్లు మండింది. ఈ పొడికి తేమ పడదు, నిజమే. అందుకే దేనితోనూ కలవని ఆర్గాన్ గ్యాస్ నింపిన గ్లవ్ బాక్స్‌లో, అంటే గోడకు బిగించిన గ్లవ్‌లలో చేతులు పెట్టి పని చేసే మూసిన పెట్టెలో, పది లక్షల పాళ్లలో ఒక పాలు కూడా తేమ లేకుండా పని చేస్తాం. లోపలి ఒత్తిడికి నల్ల రబ్బరు గ్లవ్‌లు చేతుల్లా బయటికి పొంగి నిలబడి ఉంటాయి. లోపలున్న పొడికి బయట హాంబర్గ్ వానైనా నెల్లూరు ఉక్కపోతైనా ఒకటే. కావలసింది తెగకుండా ఆర్గాన్, కరెంటు పోయినా ఆగని పంపు, తేమ పీల్చే వడపోతను వేళకు బాగుచేసే మనిషి.

ఆ వడపోత పని పెద్దాయన దగ్గర నేర్చుకుంటున్నాను. చిన్న గ్లవ్ బాక్స్‌కి కొటేషన్ కూడా తెప్పించాను. ఇక్కడ ప్రాజెక్టు గడువు తీరాక నెల్లూరులో ఉద్యోగానికి పెట్టే దరఖాస్తుకు దాన్ని జతచేస్తాను.