ఈసీ ఒక్కటే చూసి ఇల్లు కొనేయకండి

మా బావ విజయనగరం దాసన్నపేట వైపు ఓ పాత డాబా ఇల్లు చూశాడు, బ్రోకర్ ఏమో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చేతిలో పెట్టి "క్లీన్‌గా ఉంది సార్, అడ్వాన్స్ ఇచ్చేయండి" అని ఒకటే తొందర. ఈసీలో కనిపించేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే కదా, నోటరీ మీద రాసుకున్న అగ్రిమెంట్లు, అన్నదమ్ముల వాటాల గొడవలు అందులో ఎందుకుంటాయి? ఆన్‌లైన్‌లో అయితే 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోవాల్సిందే. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూడండి, ఉంటే రిజిస్ట్రేషనే అవ్వదు.

ఇంటిపన్ను బకాయిలు ఆన్‌లైన్‌లో ఆ ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు కొడితే తెలిసిపోతాయి, అదేం పెద్ద పని కాదు. అసలు పనంతా మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉంటుంది. అప్రూవ్డ్ ప్లాన్ కాపీ తీసుకుని, దాన్ని చేత్తో పట్టుకుని ఇంటి ముందు నిలబడి పోల్చి చూడండి. బావ చూసిన ఇంటికి ప్లాన్‌లో జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒక్క అంతస్తు), తలెత్తి చూస్తే పైన ఇంకో రేకుల అంతస్తు, పక్కన వదలాల్సిన ఖాళీలో బాత్రూం! మాస్టర్ ప్లాన్‌లో ముందు రోడ్డు ఎన్ని అడుగులని చూపించారో కూడా అడగండి, వెడల్పు చేస్తే పోయేది మన అరుగే మరి.

బ్రోకర్‌ని అడిగితే "ఈ వీధిలో అందరివీ అంతే సార్" అన్నాడు. బావ మాత్రం ఆ బాత్రూం చూపించి ఇంకా రేటు తగ్గించమని బేరమాడుతున్నాడు.