పన్నెండు ట్రాకులు, ఒక గిటారు

న్యూయార్క్‌లో ఒక చిన్న హాల్లో సౌండ్ పని చేస్తాను. మైకులు పెట్టడం, కేబుళ్లు చుట్టడం, రిహార్సల్ మొదలు జనం వెళ్లిపోయేదాకా మిక్సర్ దగ్గర ఉండటం, ఇదే ఉద్యోగం. ఈ ఊళ్లో పుట్టిన సంగీతాన్ని జీతం తీసుకుంటూ వినడం నాకు దక్కిన అదృష్టం అనుకుంటాను. అందులోనూ సంగీతకర్త స్టీవ్ రైష్ గిటారు రచన ‘ఎలక్ట్రిక్ కౌంటర్‌పాయింట్’ ఉన్న రోజు ఆ డ్యూటీ నాకే కావాలని ముందే అడిగి పెట్టుకుంటాను.

1987లో బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ వాళ్ల నెక్స్ట్ వేవ్ ఫెస్టివల్ కోసం, గిటారిస్టు ప్యాట్ మెథీని వాయించడానికి రాశాడు దీన్ని. సుమారు పావుగంట. వేగం, నిదానం, మళ్లీ వేగం, మూడు భాగాలూ ఆగకుండా సాగుతాయి. పది గిటార్లు, రెండు బేస్ గిటార్లు ముందే రికార్డయి ఉంటాయి, వాటి మీద పదకొండో గిటారు స్టేజి మీద మోగుతుంది. మొదటి భాగంలో మధ్య ఆఫ్రికా కొమ్ము వాద్యాల సంగీతం నుంచి తీసుకున్న చిన్న స్వరాల వరసను ఒక గిటారు మొదలుపెడుతుంది, అదే వరసను ఇంకోటి కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, అలా ఎనిమిది పేరుకునేసరికి ఏ ఒక్క గిటారూ వాయించని రాగం ఒకటి మధ్యలోంచి వినిపించడం మొదలవుతుంది! స్టేజి మీదున్న మనిషి పని చాలావరకు ఆ రాగాన్ని పట్టుకుని పైకి తేవడమే.

అందుకే దీన్ని మిక్స్ చేయడం టెన్షన్. లైవ్ గిటారు పెంచితే వెనక కరోకీ పెట్టుకుని వాయించినట్టు ఉంటుంది, తగ్గిస్తే మనిషే మాయం. నేనైతే ముందే రికార్డయిన టేపు కంటే ఒక్క పిసరు పైన ఉంచుతాను. ట్రాకులు తయారుగా అద్దెకు దొరుకుతాయి గానీ, అన్నీ తామే రికార్డు చేసుకుని వచ్చేవాళ్లంటే నాకు ఎక్కువ ఇష్టం, తీగ మీటే తీరు అన్నిటిలో ఒకటే అయితేనే చెవి ఏది ఏదో విడదీయలేక ఆ దొంగచాటు రాగాలు వింటుంది.

మూడో భాగంలో అసలు సంగతి ఉంది. గిటార్లు వాటి మానాన అవి నడుస్తుండగా, బేస్‌లు ఉన్నట్టుండి ఇ మైనర్, సి మైనర్ అనే రెండు శ్రుతుల మధ్య ఊగుతాయి, దాంతోపాటు లెక్క కూడా మారుతుంది: అవే పన్నెండు మాత్రలు ఒకసారి మూడు చతురశ్రాలు (నాలుగేసి మాత్రలు), ఇంకోసారి నాలుగు తిస్రాలు (మూడేసి మాత్రలు). ఆ మార్పులు రాను రాను దగ్గరపడతాయి. చివర్లో బేస్‌లు మెల్లగా తగ్గిపోతాయి, అది కొత్తగా చేరిన కుర్రాళ్లకు ముందే చెబుతాను, శబ్దం పెంచే, తగ్గించే ఫేడర్ మీద చెయ్యి పెట్టొద్దని.

ఒక రిహార్సల్లో ఆ చోటికి రాగానే అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేస్తున్నాను. వాయించే అతను అప్పటికి అక్కడ తప్పుతూనే ఉన్నాడు, ఆపి, ఏం లెక్కపెడుతున్నావని అడిగాడు. నాకు ఇంగ్లీషులో వివరించడం రాలేదు, చేత్తోనే రెండు నడకలూ వేసి చూపించాను. కాగితం మీద కనిపించనిది చేతిలో కనిపిస్తోందన్నాడు. ఆ సాయంత్రం రిహార్సల్ అంతా మిక్సర్ వదిలేసి అతని ఎదురుగా కుర్చీ వేసుకుని తాళం వేశాను.