హెల్మెట్ కింద పెట్టుకునే ఇయర్‌ఫోన్లు: నేను చూసుకున్న సంగతులు

ప్రతి శనివారం ఎల్బీ నగర్ నుంచి విజయవాడ రహదారి మీదుగా సూర్యాపేట దాకా బండి మీద వెళ్లి వచ్చే నాకు, ఇల్లు చేరాక చాలాసేపు చెవుల్లో గుయ్‌మనే మోత వినిపిస్తూ ఉండేది. దానికి ప్రధాన కారణం ఇంజను కాదు, హెల్మెట్ అంచుల దగ్గర సుడులు తిరిగే గాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ హోరు 95 డెసిబెళ్లు దాటవచ్చు. చెవికి హాని లేకుండా రోజుకు 8 గంటలు వినడానికి 85 డెసిబెళ్లు హద్దుగా, పెరిగే ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గే లెక్కన చూస్తే, 94 దగ్గర మనకు మిగిలేది ఒక్క గంటే.

అందుకే ఇయర్‌ఫోన్లు ఎంచుకునేటప్పుడు పాట నాణ్యత కన్నా హోరు తగ్గడాన్నే ముందు చూశాను. కాడలు బయటికి పొడుచుకొచ్చే రకం హెల్మెట్ మెత్తకు ఒత్తుకుని అరగంటకే నొప్పి పుట్టించింది. చెవి గుంటలో పూర్తిగా ఇమిడిపోయి, తీగ చెవి పైనుంచి వెనక్కి వెళ్లే చిన్న జత నాకు కుదిరింది.

అసలు పనంతా చెవిలోకి వెళ్లే మెమరీ ఫోమ్ (నలిపితే మెల్లగా మళ్లీ ఉబ్బే మెత్తటి నురగ) మొనలదే. మొనను వేళ్ల మధ్య వత్తిలా సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి అర నిమిషం నొక్కి పట్టుకోవాలి. అది ఉబ్బుతున్న కొద్దీ రోడ్డు మోత మెల్లగా దూరమవుతుంది. సిలికాన్ మొనలు నాకు ఇంత బిగువుగా పట్టలేదు.

నగరంలో మాత్రం వీటిని పెట్టుకోను. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో వెనుక బస్సు హారను వినబడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. రహదారి మీద కూడా దారి చెప్పే గొంతు వినబడేంత శబ్దమే పెడతాను. ఎండాకాలం చెమటకు ఫోమ్ త్వరగా బిగువు కోల్పోతుంది కనుక, అదనపు జత ట్యాంకు సంచిలో ఎప్పుడూ ఉంటుంది.