ఊరు అప్పగింతలు

ఇవాళ శుక్రవారం. ఇంటి అప్పగింతలు నిన్నటితో అయిపోయాయి. పప్పుల డబ్బాలు, బుడ్డోడి సిరప్పులు, చెత్త బయట పెట్టే రోజులు, స్టవ్ మీద ఏ బర్నర్ మొండికేస్తుందో, అన్నీ వదినగారికి చూపించేశాను. వచ్చే వారం నేను గుంటూరు వెళ్ళిపోతే ఇక డ్యూటీ ఆవిడది. అమెరికాలో పిల్లలున్న వియ్యపురాళ్ళ కథ ఇంతే కదా, ఆర్నెల్లు వీళ్ళు, ఆర్నెల్లు వాళ్ళు. ఇద్దరం ఒకచోట ఉండేది ఈ మధ్యలో నాలుగు రోజులే. ఆ కాస్త వ్యవధిలో ఈ న్యూయార్క్ ఊరు కూడా అప్పగించి వెళ్ళాలని నా పట్టుదల.

పెద్దాడి దగ్గర టెక్సస్‌లో నా బతుకు ఎలా ఉండేదో నాకు గుర్తుంది మరి. ఇల్లు పెద్దదే, వెనక పచ్చిక, ముందు రెండు కార్లు. కానీ కొత్తిమీర కట్ట కావాలన్నా వాడికి తీరిక దొరకాలి. డ్రైవింగ్ రాని మనిషికి అక్కడ కాళ్ళుండీ లేనట్టే. ఈ న్యూయార్క్‌లో అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్ ఆ ఇంట్లో మూడో వంతు కూడా ఉండదు. అయినా ఇక్కడ ఎవర్నీ అడక్కుండా బయటికెళ్ళి ఎవర్నీ అడక్కుండా తిరిగొస్తాను. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి?

పొద్దున్నే ఫ్లషింగ్ గణేశుడి గుడికి బయల్దేరాం. మా స్టేషన్ సన్నీసైడ్‌లో 46వ వీధి. క్వీన్స్ బూలెవార్డ్ మధ్యలో కాంక్రీటు కమానుల మీద పట్టాలు పోతాయి, రైలెక్కడానికి కిందికి కాదు, పైకెక్కాలి. "సబ్‌వే అన్నారు, ఇది మన మెట్రోలాగే ఉందే" అన్నారు వదినగారు. ఆవిడకి హైదరాబాద్ మెట్రో బాగా అలవాటు. ఒక్క తేడా చెప్పాను. ఇక్కడ దూరాన్ని బట్టి చార్జీ లేదు. లోపలికి వెళ్ళేటప్పుడు కార్డు తాకిస్తే మూడు డాలర్లు, ఆ తర్వాత బయటికి రానంతవరకు ఎంత దూరమైనా తిరగొచ్చు. దిగేటప్పుడు మళ్ళీ తాకించే పని లేదు. చెప్పినా ఫ్లషింగ్‌లో గేటు దగ్గర ఆవిడ చెయ్యి పర్సులోకే వెళ్ళింది.

ప్లాట్‌ఫారం మీద ఉండగా మధ్య పట్టా మీద ఒక బండి ఆగకుండా దూసుకుపోయింది. "అయ్యో, పోయిందండీ!" అని కంగారుపడ్డారు. అది ఎక్స్‌ప్రెస్. మా రైలు లైను నంబరు 7. ఆ అంకె గుండ్రంలో ఉంటే ప్రతి స్టేషన్లో ఆగుతుంది, డైమండ్‌లో ఉంటే పెద్దవాటిలోనే ఆగుతుంది. పనిరోజుల్లో పొద్దున ఊరి నడిబొడ్డు మాన్‌హట్టన్ వైపు, సాయంత్రం ఫ్లషింగ్ వైపు నడుస్తుంది. మేము వెళ్ళేది ఎదురు దిక్కుకి, మాకు దానితో పనే లేదు.

చారల బోర్డు కూడా చూపించాను. ప్లాట్‌ఫారం నడిమధ్య తల మీద నలుపు తెలుపు చారలతో వేలాడుతూ ఉంటుంది. కండక్టరు ఉండే పెట్టె సరిగ్గా దాని ఎదురుగా ఆగుతుంది. ఆగగానే అతను కిటికీలోంచి చెయ్యి చాపి ఆ బోర్డుని వేలితో చూపిస్తాడు, బండి ఆగాల్సిన చోటే ఆగిందని. ఒంటరిగా వచ్చినప్పుడు అక్కడ నిలబడితే మనకీ ధైర్యం. వదినగారు ఆ చూపుడు వేలు కోసం ప్రతి స్టేషన్లోనూ తల వంచి చూస్తూనే ఉన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పాను: బండంతా కిటకిటలాడుతూ ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా కనిపిస్తే సంబరపడి ఎక్కకూడదు. లోపల ఏసీ పనిచెయ్యకపోవడమో, ముక్కు మూసుకోవాల్సిన వ్యవహారమో ఏదో ఉంటుంది.

ఫ్లషింగ్ ఆఖరి స్టేషన్. అక్కణ్ణుంచి గుడి దాకా నడకే, మా నడకకి అరగంట. మెయిన్ స్ట్రీట్ నిండా చైనీస్ బోర్డులు, పేవ్‌మెంట్ మీద కూరల పెట్టెలు. గుడి అడ్రస్ 45-57 బౌన్ స్ట్రీట్. క్వీన్స్‌లో, అంటే ఊళ్ళో మేముండే ఈ భాగంలో, ఇంటి నంబరే దారి చెబుతుంది. గీతకి ముందున్నది దగ్గరి అడ్డవీధి నంబరు, తర్వాతది ఇంటిది. అంటే 45వ అవెన్యూ దాటగానే అన్నమాట. గుడి చుట్టుపక్కల కొన్ని అడ్డవీధులకేమో చాలావరకు చెట్లూ మొక్కల పేర్లు, అవీ ఇంగ్లీషు అక్షరాల వరసలో. యాష్, బీచ్, చెర్రీ అలా మొదలై గుడి మూల దగ్గరికి హాలీ వస్తుంది. ఒకప్పుడు ఫ్లషింగ్ నర్సరీలకి పేరున్న ఊరు. నేను లెక్కల టీచర్ని కాబట్టి ఇలాంటివి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. వదినగారు మాత్రం "హాలీ, హాలీ" అని జపం చేసుకుంటూ నడిచారు.

1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి. దర్శనం చేసుకుని కింద క్యాంటీన్‌లో దోశ తిన్నాం. చట్నీ గురించి మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదర్లేదు.

తిరుగు బండిలో మా స్టేషన్ దాటించి తిన్నగా మాన్‌హట్టన్ తీసుకెళ్ళాను. ఆవిడకి చెప్పలేదు, చెబితే రారు. ఫిఫ్త్ అవెన్యూ స్టేషన్లో దిగి, పెద్ద లైబ్రరీ ముందున్న రాతి సింహాలు చూసి, బ్రయంట్ పార్క్‌లో కుర్చీలు లాక్కుని కాసేపు కూర్చున్నాం. అప్పుడు అడిగాను: "వదినగారూ, ఫోన్ తియ్యకుండా గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి తీసుకెళ్ళండి, తూర్పున ఉంది."

ఫోన్ వద్దనడం ఛాదస్తం కాదు. ఆ ఎత్తు మేడల మధ్య మ్యాప్‌లో నీలం చుక్క ఒక్కోసారి పక్క వీధిలోకి గెంతుతుంది. అంకెలు గెంతవు. వీధుల నంబర్లు పెరుగుతుంటే అప్‌టౌన్, అంటే ఉత్తరం వైపు, తగ్గుతుంటే డౌన్‌టౌన్, అంటే దక్షిణం వైపు, ఇరవై వీధులు దాటితే మైలు. 1811లో వేసిన వీధుల ప్లాన్ ఇంకా పనిచేస్తోంది. స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే ఒక్క నిమిషం గోడ పక్కన నిలబడి రెండు వీధుల బోర్డులు చదువుకుంటే చాలు. దారి మధ్యలో మాత్రం నిలబడకూడదు, ఈ ఊళ్ళో అది మహాపాపం.

ఆవిడ ముందు ఎండ వైపు చూశారు. ఎండతో లాభం లేదన్నాను. ఇక్కడి వీధులు అసలు దిక్కులకి దాదాపు ముప్పై డిగ్రీలు ఒరిగి ఉంటాయి. వీళ్ళు ఉత్తరం అనేది నిజానికి కాస్త ఈశాన్యం. "వాస్తు చూపించుకోలేదా ఇంత ఊరు కట్టి!" అన్నారు. నవ్వాపుకోలేక అక్కడే కుర్చీలో కూలబడ్డాను. తర్వాత ఆవిడే ఫిఫ్త్ అవెన్యూ మూలకి వెళ్ళి, ఒక పక్క బోర్డు మీద వెస్ట్ అనీ, రోడ్డు దాటాక ఈస్ట్ అనీ ఉండటం పట్టేశారు. ఇక నా కోసం ఆగలేదు. మాడిసన్ అవెన్యూ సిగ్నల్ దగ్గర గానీ అందుకోలేకపోయాను.

గ్రాండ్ సెంట్రల్‌లో 7 బోర్డు, ఫ్లషింగ్ అన్న పేరు ఆవిడే చూశారు. సాయంత్రం వేళ కావడంతో డైమండ్ బండి వచ్చింది. వదినగారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు, "మనది గుండ్రం కదండీ."

ఇంటికొచ్చాక వదినగారు మా అల్లుడికి గుడి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఈస్టూ వెస్టూ మాత్రం రెండుసార్లు వివరించారు. రేపు జాక్సన్ హైట్స్‌కి కూరలకి. ముందు ఆవిడ, వెనక నేను, నోరు విప్పకూడదని షరతు. గోంగూర దొరికితే ఎక్కువే తెమ్మంది అమ్మాయి, వెళ్ళేలోపు పచ్చడి నూరి పెట్టాలట.