బెంగాలీ నవ్వుకు తెలుగు సబ్‌టైటిల్: ‘సాడే చుయాత్తర్’తో నా అనుభవం

ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ జంటగా కనిపించిన మొదటి సినిమా ‘సాడే చుయాత్తర్’. 1953లో నిర్మల్ దే తీశారు. కలకత్తాలో మగవాళ్లే ఉండే ఒక మెస్సులోకి పెళ్లికాని కూతురితో ఒక కుటుంబం వచ్చి దిగుతుంది. అక్కణ్ణుంచి నవ్వులే నవ్వులు. దీనికి తెలుగు సబ్‌టైటిల్స్ పూర్తి చేశాను. ఈ పనికి దిగేవాళ్లకు ఏది ఎక్కడ అడ్డం తిరుగుతుందో చెబుతాను.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఎదురుగా పెట్టుకుని తెలుగు చేయకండి. మొదటి రీలు నేను అలాగే చేసి, మొత్తం చెరిపేశాను. ఎదుటివాళ్లను పిలవడానికి బెంగాలీలో గౌరవాన్ని బట్టి ఆప్‌ని, తుమి, తుయి అని మూడు మెట్లున్నాయి. ప్రేమకథలో ‘ఆప్‌ని’ కాస్తా ‘తుమి’ అయిన క్షణమే మలుపు. ఇంగ్లీషులో అది ఆనవాలు లేకుండా పోతుంది. తెలుగులో మీరు, నువ్వు ఉన్నాయి. ‘తుయి’ వచ్చినచోట ‘నువ్వు’కు ‘రా’ చేర్చితే సరిపోతుంది. అలాగని లెక్కగా మార్చేస్తే దెబ్బతింటారు. ఆ తరం బెంగాలీ ఇల్లాలు ‘ఓగో’ అని పిలిచి, భర్తతో ‘తుమి’ అనే మాట్లాడుతుంది. మన ఇల్లాలు ‘ఏవండీ’ అన్నాక ‘నువ్వు’ అనదు. అందుకే మెస్సు యజమాని రజనీబాబు భార్య మాటల్లో ‘తుమి’ అంతటినీ ‘మీరు’ చేశాను.

సర్వనామాలది ఇంకో చిక్కు. బెంగాలీ ‘సే’ ఆడా కావచ్చు, మగా కావచ్చు. క్రియలోనూ లింగం తెలియదు. తెలుగులో వచ్చాడో, వచ్చిందో తేల్చి తీరాలి. సన్నివేశం చివరిదాకా చూడకుండా ఏ వాక్యమూ రాయకూడదు. రజనీబాబు భార్య చేతికి ఒక ప్రేమలేఖ చిక్కి, అది తన భర్తకే వచ్చిందని ఆవిడ అపార్థం చేసుకోవడం ఈ కథకు గుండెకాయ. ఆ ఉత్తరం తెలుగులో అసలు అందుకోవాల్సిన కుర్రవాడికీ, పెద్దాయన రజనీబాబుకీ ఇద్దరికీ అతకాలి. ‘నువ్వు’ పెడితే ఆవిడ అనుమానం తేలిపోతుంది, ‘మీరు’ ఇద్దరికీ సరిపోతుంది.

ఇక మెస్సు కుర్రాళ్లలో ఒకడిగా వేసిన హాస్యనటుడు భాను బందోపాధ్యాయ్ నోట ఈనాటికీ బెంగాలీలు మరచిపోని మాట: ‘మాసిమా, మాల్పో ఖాము’. మాసిమా అంటే తల్లి చెల్లెలో అక్కో. కొత్తగా దిగిన అమ్మాయి తల్లిని అతను అలా పిలుస్తాడు. మాటకు మాటగా ‘పిన్నిగారూ’ అనేస్తే తెలుగు లెక్కలో ఆవిడ కూతురు ఆ అబ్బాయికి చెల్లెలవుతుంది! బెంగాల్లో మేనరికాలు లేవు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది రాదు. ‘అత్తయ్యగారూ’ అంటే ఆ కుర్రాళ్ల మనసులో ఉన్నదీ పలుకుతుంది. అదే ఉంచాను. ‘ఖాము’ తూర్పు బెంగాల్ యాస, కలకత్తా వాళ్లు ‘ఖాబో’ అంటారు. దీనికి మన ఏదో ఒక జిల్లా యాస తగిలించడం నాకు ఇష్టం లేదు. ఆ జిల్లా వాళ్లను నవ్వులపాలు చేసినట్టవుతుంది, పైగా మనిషి కలకత్తా నుంచి కదిలిపోతాడు. ‘అత్తయ్యగారూ, మాల్పో తింటా!’ అని పొట్టిగా రాసి, యాసను ఆయన గొంతుకే వదిలేశాను. బెంగాలీకీ తెలుగుకీ క్రియ చివరే వస్తుంది కాబట్టి ‘ఖాము’ వినబడేచోటే ‘తింటా’ కనబడుతుంది. హాస్యానికి ఇంతకన్నా అదృష్టం లేదు. మాల్పోను అరిసె చేయకండి, అది పాకంలో ముంచిన పిండివంట.

టైటిల్ దగ్గర ఎక్కువసేపు ఆగాను. దానర్థం డెబ్బై నాలుగున్నర. రాజస్థాన్‌లోని చిత్తోడు యుద్ధంలో చచ్చినవాళ్ల జంధ్యాలు తూస్తే 74½ మణుగులు తూగాయని ఒక కథ. ఉత్తరం మీద ఆ అంకె వేస్తే, పరాయివాడు విప్పితే ఆ పాపమంతా వాడికి చుట్టుకుంటుందని ఒట్టు. సబ్‌టైటిల్లో ఇంత కథ పట్టదు. పేరు పడేటప్పుడు ‘డెబ్బై నాలుగున్నర: పరాయివాళ్లు విప్పరాదు’ అని ఒకే వరుస వేశాను.

పేర్లను చెవికి వినబడినట్టు ‘రొజొని’, ‘రొమొలా’ అని రాయలేదు. రజని, రమల అనే ఉంచాను. రెండు సన్నివేశాల్లో చూసేవాళ్లకు అలవాటవుతుంది.

టైమింగ్ ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఎస్‌ఆర్‌టీ (.srt) సబ్‌టైటిల్ ఫైలులో సెకన్ల తర్వాత చుక్క కాదు, కామా: 00:12:04,350. ఒక్కో ముక్క తెర మీద సెకనుకు తగ్గకుండా, 7 సెకన్లు దాటకుండా ఉండాలి. రెండింటి మధ్య కనీసం 2 ఫ్రేముల ఖాళీ ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ చూపించే అక్షరాల లెక్కను మాత్రం నమ్మకండి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి అంతకన్నా ఎక్కువ. అందుకే అది ఎర్రగా చూపినా పట్టించుకోకుండా, వరుసకు 18–20 అక్షరాలు, సెకనుకు ఏడెనిమిది అని నా లెక్క నేను పెట్టుకున్నాను.

ఇంకో కాపీతో ఆడించినప్పుడు మాటలు తప్పితే మొదటి, నడిమి, చివరి డైలాగులు చూడండి. తేడా సమంగా పెరుగుతుంటే ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు) గొడవ. 24కి చేసిన ఫైలు 25లో నడిచే కాపీకి పెడితే గంటకు 2 నిమిషాల 24 సెకన్లు వెనకబడుతుంది, 24కీ 23.976కీ తేడా గంటకు 3.6 సెకన్లే. ఇవి రేటు మారిస్తే సర్దుకుంటాయి. తేడా ఒకచోట ఉన్నట్టుండి దూకితే పాత ప్రింటులో అక్కడ ముక్క పోయిందని అర్థం. ఆ డైలాగు నుంచి కింది వన్నీ ఒకేసారి జరపాలి.

ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోనే భద్రపరచండి, లేదంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. పాటలకు ఇటాలిక్ వద్దు, వంగిన తెలుగు చదవడం కష్టం. మొదట్లో ♪ గుర్తు చాలు. రెండు వరుసలు వేస్తే పై వరుస వత్తులు కింది తలకట్టును తాకుతాయి. కాబట్టి వీలైనచోటల్లా ఒకే వరుస. నోటో శాన్స్ తెలుగు ఫాంటు ఇబ్బంది పెట్టలేదు. వత్తులు విడిపోయి పొల్లులు బయటపడితే తప్పు ఫైలుది కాదు, ఆ ప్లేయరుకు తెలుగు కూర్చడం రాదు. వీఎల్‌సీ ప్లేయరులో పెట్టి సరిచూసుకోండి.

చివరగా బెంగాలీ రానివాళ్లకు చూపించాను. నటుడు మాట ముగించకముందే వాళ్లు నవ్విన చోటల్లా ఆ ముక్కను రెండుగా విరిచి, రెండోదాన్ని మాటతో పాటే వచ్చేలా జరిపాను.